అక్క చూసే చోటు

ఫోన్లంటే నాకు ఒళ్ళుమంట. మా ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే. మా బావ నా ఎదుట ఫోను బయటికి తీయాలంటే దొంగసొత్తు తీసినట్టు అటూ ఇటూ చూసి తీస్తాడు. కెమెరా పట్టుకుని బతికేదానివి, నీకేమిటే ఫోను మీద అంత పగ అని అక్క అడుగుతూ ఉంటుంది. కెమెరా పట్టుకుని బతికేదాన్ని కాబట్టే ఆ పగ.

సంగీతం పాడేవాళ్ళనీ వాయించేవాళ్ళనీ ఫోటోలు తీయడం నా పని. ఇటు తిరగండి, కాస్త నవ్వండి అని తీసే ఫోటోలు కావు. నేనున్నానన్న సంగతి వాళ్ళు పూర్తిగా మరిచిపోయాక తీసేవి. దానికి పెద్ద విద్యేమీ అక్కర్లేదు, ఓపిగ్గా ఓ మూల కూర్చోవాలి అంతే. రిహార్సల్ గదిలో గోడవారన కుర్చీ వేసుకుని, కెమెరా ఒళ్ళో పెట్టుకుని, చాలాసేపు దాన్ని ముట్టుకోకుండా కూర్చుంటాను. వాళ్ళు నన్ను మొదట అతిథిలా చూస్తారు. తర్వాత కుర్చీలా చూస్తారు. ఆ తర్వాత చూడడమే మానేస్తారు. అప్పుడు ఒక్కొక్కరూ బయటపడతారు. డ్రమ్స్ వాయించే ఒక లావుపాటి పెద్దమనిషి కష్టమైన చోటు రాగానే చిన్నపిల్లాడిలా నాలుక బయటపెడతాడు. ఒక గాయని పాట ఎత్తుకునే ముందు ఎడమచేత్తో కుర్చీ అంచు గట్టిగా పట్టుకుంటుంది, వదిలితే ఎక్కడికి కొట్టుకుపోతుందో అన్నట్టు. వాళ్ళకే తెలియని ముఖాలు అవి. ఫోటో చేతికిస్తే కాసేపు చూసి, ఇది నేనేనా అంటారు. ఎన్నేళ్ళయినా ఆ మాట వింటే నాకు కడుపు నిండిపోతుంది.

ఫోన్లు వచ్చాక ఆ ముఖాలు దాక్కున్నాయి. హాల్లో ఒకడు ఫోను లైటు వేసి చెయ్యెత్తి పట్టుకోగానే వేదిక మీద ముఖం తలుపేసుకుంటుంది. ఫ్లూటు వాయించే ఒకాయన గడ్డం కాస్త పైకెత్తుతాడు, అలా అయితే మెడ మీది ముడతలు కనపడవని ఎవరో చెప్పారట. డ్రమ్స్ పెద్దమనిషి ఇప్పుడు నాలుక బయటపెట్టడు. పెదవులు బిగించి, కనుబొమలు ముడేసి, ఏదో దేశాన్ని ఏలుతున్నట్టు చూస్తాడు. చొక్కా జేబులో దువ్వెన కూడా పెట్టుకొస్తున్నాడు. వాయింపు కూడా ఆ మేరకు బిగుసుకుపోయింది. రిహార్సళ్ళలో కూడా ఇదే గోల, వాళ్ళ ఫోన్లు వాళ్ళే స్టాండుకు బిగించుకుని వాళ్ళనే తీసుకుంటారు. ఇక నేనెందుకు అక్కడ?

తలుపేసుకోని ముఖం నాకు ఒక్కటే మిగిలింది, మా అక్కది.

అక్క వయొలిన్ వాయిస్తుంది. నాకంటే చాలా పెద్దది. నాకు జడ వేసిందీ, అన్నం పెట్టిందీ, వీపు మీద నాలుగు తగిలించిందీ కూడా తనే. నా మొట్టమొదటి ఫోటో ఆమెదే, వంటింటి గుమ్మంలో కూర్చుని తీగలు బిగించుకుంటుంటే తీశాను. అప్పటి నుంచి ఆమెను తీస్తూనే ఉన్నాను, ఇప్పటికీ ఆ ముఖం ఎంత చూసినా నాకు తనివి తీరదు. మామూలప్పుడు సంతలో బేరమాడే మనిషి. కమాను తీగ మీద పెట్టగానే ఇంకెవరో అవుతుంది. ఆ ఇంకెవరో ఎవరని ఇన్నేళ్ళుగా ఫోటోలు తీస్తూ వెతుకుతున్నాను, నాకు దొరకలేదు.

ఆమెకో అలవాటుంది. వేదిక ఎక్కగానే హాల్లో ఎవరో ఒక మనిషిని ఎంచుకుంటుంది. తెలిసినవాళ్ళు కానక్కర్లేదు. చివరి వరుసలో ఆవులిస్తున్నవాడైనా సరే. ఇక ఆ సాయంత్రమంతా ఆ మనిషికే వాయిస్తుంది, ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడుతున్నట్టు. ఒక మనిషి కనపడకపోతే నేను వాయించలేనే, గోడకు చెప్పుకున్నట్టుంటుంది అనేది.

అలాంటి మనిషికి చూపు పోవడం మొదలైంది. పగటి వెలుతురులో బాగానే చూస్తుంది, సూదిలో దారం కూడా ఎక్కిస్తుంది. వెలుతురు తగ్గితే మాత్రం ఏమీ కనపడదు. పక్కల నుంచి కూడా చూపు ముడుచుకుపోతోంది. ఇది నయమయ్యేది కాదని కంటి డాక్టరు మెల్లగా చెప్పాడు. సంగతి మా ముగ్గురికే తెలుసు. బావ పియానో వాయిస్తాడు, అక్కకు ఎప్పుడూ పక్కవాద్యం ఆయనే. వేదిక మీదికి ఆమె మోచెయ్యి పట్టుకుని తీసుకెళ్తుంటే చూసేవాళ్ళకు ముచ్చటగా ఉండేది. ఈ వయసులో కూడా ఏమి అన్యోన్యం అనుకునేవారు. మెట్టు వస్తే ఆయన వేలితో నొక్కి చెబుతున్నాడని వాళ్ళకేం తెలుసు?

ఒక రోజు మధ్యాహ్నం కూరగాయలు తరుగుతూ అక్క మామూలుగా చెప్పేసింది. వేదిక దీపాలు కళ్ళలో పడితే ఆ అవతల మనుషుల మీద నల్లగుడ్డ కప్పినట్టు ఉంటోందట. రాబోయే కచేరీ ఒప్పుకుంది కాబట్టి వాయిస్తుంది. ఆ రోజు హాలు తనకు అందిందా సరే. అందకపోతే వయొలిన్ పెట్టె మూసేసి అటక మీద పెట్టేస్తుంది. ఏడవకు, కూరలో పడతాయి అని నన్నే కసిరింది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు నేను తీసిన అక్క ఫోటోలన్నీ నేల మీద పరిచాను, పాతవొక వైపు, ఈ మధ్యవి ఒక వైపు. చూస్తూ చూస్తూ ఉంటే ఒకటి తట్టింది. పాత ఫోటోల్లో అక్క చూపు కుర్చీల్లో కూర్చున్న మనుషుల మీద ఉంది. కొత్తవాటిలో తలల మీదుగా ఉంది. ఎత్తిన చేతులుండే ఎత్తులో. అంటే ఫోన్లుండే చోట.

నాకు రక్తం మరిగింది. ఉన్న కాస్త చూపునూ ఈ దరిద్రం లాగేసుకుంటోందన్నమాట. మెరిసే ఫోను లైట్లు కళ్ళలో పొడుస్తుంటే పాపం ఆవిడకు మనిషెలా కనపడతాడు? కళ్ళు ఎటు చూస్తున్నాయో ఒక్క ఫోటోలో పట్టేయగలదాన్ని నేను. అవి ఎందుకు చూస్తున్నాయో కూడా నాకే తెలుసనుకున్నాను.

తిన్నగా హాలు చూసుకునే ఆయన దగ్గరికెళ్ళాను. నడుముకు పెద్ద తాళాల గుత్తి వేలాడుతూ ఉంటుంది కాబట్టి ఆయన్ను అందరూ తాళాలాయన అంటారు. ఈ కచేరీకి ఎవరి చేతిలోనూ ఫోను ఉండకూడదని, గుమ్మం దగ్గరే తీసుకుని గదిలో పెట్టి తాళం వేయాలని చెప్పాను. జనం నన్ను తంతారమ్మా అన్నాడు. తన్నులు నేను తింటానన్నాను. గొణిగాడు, సణిగాడు, నా పోరు పడలేక చివరికి ఒప్పుకున్నాడు. ప్రతి ఫోనుకూ గుడ్డసంచీ, సంచీకి నంబరు బిళ్ళ, అన్నీ దగ్గరుండి చేయించాను. అక్కకు మాత్రం చెప్పలేదు. తనంతట తానే తేడా గమనించి మురిసిపోవాలని నా ఆశ. బావకు చెబితే పియానో మూత తుడుస్తూ, మీ అక్కను ఓ మాట అడిగి చేస్తే బాగుంటుందేమో మరదలా అన్నాడు. ఆయన అన్నిటికీ అంతే అని కొట్టిపారేశాను.

కచేరీ రోజు హాలు కిటకిటలాడింది. దీపాలు ఆరాయి. ఎన్నేళ్ళకు చూశాను అలాంటి చీకటి! ఒక్క ఫోను వెలగడం లేదు, ఒక్క చెయ్యి లేవడం లేదు. మొదటి వరుస చివర నా కుర్చీలో కెమెరా పట్టుకుని మహారాణిలా కూర్చున్నాను. బావ మోచెయ్యి పట్టుకుని అక్క వచ్చింది. చప్పట్లకు తల వంచింది. పక్కగోడ వైపు తిరిగి వంచింది.

వాయించింది. ఒక్క స్వరం తప్పలేదు. తప్పలేదంతే. శుభ్రంగా, పొడిగా, ఎవరిదో ఇల్లు ఊడుస్తున్నట్టు వాయించింది. కెమెరాలోంచి చూస్తే ఆమె కళ్ళు ఆ చివర నుంచి ఈ చివరకు, ఈ చివర నుంచి ఆ చివరకు తిరుగుతున్నాయి, కరెంటు పోయినప్పుడు గోడ మీద స్విచ్చు కోసం తడుముకున్నట్టు. ఎక్కడా ఆగడం లేదు. పియానో దగ్గర బావ తన వేళ్ళు చూసుకోవడం మానేసి ఆమెనే చూస్తున్నాడు. నేను ఒక్క ఫోటో తీయలేదు. ఆ ముఖం తీయడానికి నాకు చేతులు రాలేదు.

విరామంలో వెనక గదిలోకి పరుగెత్తాను. అక్క వయొలిన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. బావ ఇచ్చిన మంచినీళ్ళ గ్లాసు చేతిలో అలాగే ఉంది.

"మిగతాది వద్దు. ఒంట్లో బాగాలేదని చెప్పెయ్యండి" అంది బావతో.

నేను ఏమైంది అక్కా అన్నాను.

"ఏమవుతుంది? హాలు లేదు. ఇదివరకు ఎంత చీకటైనా చిన్న చిన్న వెలుగులు కనపడేవే. ఇక్కడోటి, అక్కడోటి. ఏదో ఒకదాన్ని పట్టుకుని దానికి వాయించేదాన్ని. ఫోన్లే అయ్యుంటాయిలే, నాకు మాత్రం మనుషులే అనిపించేది. ఇవాళ ఒక్కటీ లేదు. ఎవరూ రాలేదేమో, మీరిద్దరూ నా దగ్గర దాస్తున్నారేమో అనుకున్నా."

చప్పట్లు వినపడ్డాయి కదా అన్నాను నీళ్ళు నములుతూ. వినపడ్డాయట. ఎటు నుంచో తెలియలేదట.

అప్పుడు తెలిసింది నాకు. ఆ ఫోటోల్లో ఆమె చూపు అక్కడ నిలిచింది ఫోన్లు పొడవడం వల్ల కాదు. ఆమెకు మిగిలిన మనుషులు వాళ్ళే. చుట్టూ చీకట్లో మిణుక్కుమంటున్నవాళ్ళను ఒక్కొక్కరినీ ఏరుకుని వాయిస్తోంది నా తల్లి. వాళ్ళను నేను గుమ్మం దగ్గరే పట్టుకుని సంచుల్లో వేసి కట్టేశాను. బావ నా వంక చూశాడు. నేను చెప్పలేదా అని అనలేదు. అనేసినా బాగుండేది.

"అక్కా, అవి నేనే తీయించేశాను" అన్నాను. "ఫోన్లు. అందరివీ లాక్కుని గదిలో పెట్టించి తాళం వేయించాను. నీ కోసమే."

ఆమె నా గొంతు వినిపించిన వైపు తిరిగింది. ఆమె భుజాలు కదలసాగాయి. ఏడుస్తోందనుకుని దగ్గరికి వెళితే, నవ్వుతోంది.

"నీ దుంప తెగ. నా హాలుకే తాళం వేయించావటే" అంది. కళ్ళు తుడుచుకుని నన్ను తోసింది. "పో. తెచ్చిపెట్టు."

నా జన్మలో వేదిక మీద నిలబడి జనంతో మాట్లాడలేదు. నా బతుకంతా మూలల్లో గడిచింది. ఆ పూట మైకు పట్టుకుని నిలబడ్డాను. అక్క సంగతి చెప్పకూడదు, చెప్పకుండా ఒప్పించాలి. ఫోన్లు వద్దన్నది నేనేనని, నాది తప్పేనని, ఎవరివి వాళ్ళు తెచ్చుకుని హాయిగా ఎత్తి పట్టుకోవచ్చని, లైటు మాత్రం వేసే ఉంచమని చెప్పాను. జనం నవ్వారు. ఒకాయన లేచి, ఇదేం పెళ్ళివారి మర్యాదండీ, లాక్కోవడం దేనికి ఇవ్వడం దేనికి అన్నాడు. కళాకారిణి కోరిక అన్నాను. ఇక తాళాలాయన ముఖం చూడాలి. ఇన్నేళ్ళ సర్వీసులో ఇలాంటి తిరకాసు మనిషిని చూడలేదని నా మొహం మీదే అన్నాడు. అంటూనే వెళ్ళి గది తీశాడు. సంచులు పంచడానికి నేనూ కూర్చున్నాను. ఎవరెంత విసుక్కున్నా పడ్డాను.

మళ్ళీ దీపాలు ఆరాయి. నా ఫోను కూడా లైటు వేసి ఎత్తి పట్టుకుని వెనక్కి తిరిగి చూశాను.

అప్పటి దాకా నేను హాలును అక్క వైపు నుంచి చూడలేదు. నేల నుంచి బాల్కనీ దాకా తెల్లగా, పచ్చగా చిన్న చిన్న వెలుగులు. కొన్ని నిలకడగా, కొన్ని వణుకుతూ. ప్రతి వెలుగు వెనకా మసగ్గా ఒక ముఖం. ఇన్నాళ్ళూ నేను తిట్టిపోసినవన్నీ అక్కడ వెలుగుతున్నాయి, నేను చూసి మురిసిపోతున్నాను. ఇంత అందంగా ఉంటాయని ఎవరైనా చెబితే వాళ్ళతో పోట్లాడి ఉండేదాన్ని.

అక్క వచ్చింది. ఈసారి నేరుగా హాలు వైపు తిరిగి తల వంచింది. కళ్ళు మెల్లగా ఆ వెలుగుల మీద నడిచాయి. ఎక్కడో మధ్యలో ఆగాయి. కమాను ఎత్తింది.

కింది తీగ మీద మొదలెట్టింది. ఆ మొదటి స్వరానికే నాకు తెలిసిపోయింది, అక్క వచ్చేసింది. బావ వేళ్ళు కూడా పియానో మీద కుదుటపడ్డాయి. ఆమె తొందరపడలేదు. ఆ వెలుగు వెనక ఉన్న ఎవరికో ఒక్కో మాటా విడమరిచి చెబుతున్నట్టు సాగింది. కాసేపటికి నేను వెనక్కి చూశాను. ఆమె ఎంచుకున్న ఆ మధ్య వెలుగు లేదు.

దాని పక్కది కిందికి దిగుతోంది. బాల్కనీలో రెండు మాయమయ్యాయి. నా పక్క కుర్చీ ఆయన ఫోను మోకాలి మీద పడి ఆయన చొక్కానే తీస్తోంది, కాసేపటికి అది బోర్లా పడి ఆ వెలుగూ పోయింది. ఆయన నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది, ఆయనకు ఫోను సంగతే గుర్తు లేదు. ఇవన్నీ ఆరిపోతే అక్క మళ్ళీ ఆ నల్లగుడ్డ ముందు మిగిలిపోతుంది. ఎత్తండి, ఎత్తండి అని చుట్టూ ఉన్నవాళ్ళకు చేత్తో సైగలు చేశాను. వెనక వరుసలో ఒకావిడ నన్ను కళ్ళతోనే కసిరింది, నోరు మూసుకుని కూర్చోమన్నట్టు. ఒకటి తర్వాత ఒకటి, తర్వాత గుంపుగా, హాలంతా వెలుగులు దిగిపోయాయి. చివరికి నాది ఒక్కటే మిగిలింది.

రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నాను. చేతులు లాగేస్తున్నాయి, అయినా దించలేదు. అక్క నా వైపు తిరిగింది.

వాయించేటప్పుడు అక్క నన్ను ఎప్పుడూ చూడలేదు. చూడకుండా ఉండడానికే నేను మూలల్లో నక్కేదాన్ని. ఇప్పుడు ఆ కళ్ళు నా చేతిలోని వెలుగులోకి సూటిగా చూస్తున్నాయి, ఆ వాయించేదంతా ఒక్కసారిగా నా మీదికి వచ్చింది. అలా వాయించడం నేనెప్పుడూ వినలేదు. అడుగుతోంది, బతిమాలుతోంది, కోప్పడుతోంది, వదలడం లేదు. చిన్నప్పుడు నాకు జ్వరం వస్తే నుదుటి మీద చెయ్యేసి తీయకుండా కూర్చునేది, ఆ చెయ్యి బరువుంది ఆ స్వరంలో. ఇంత గొప్పది నాకు జడ వేసిన మనిషి చేతుల్లోంచి వస్తోందంటే నమ్మశక్యం కాలేదు. నా ముందున్నది అక్క అని కూడా కాసేపు తెలియలేదు. భయం వేసింది, సంతోషమూ వేసింది, కళ్ళ వెంట నీళ్ళు కారిపోయాయి. కెమెరా నా కాళ్ళ దగ్గర సంచిలో ఉంది. నేను ఇన్నేళ్ళుగా వెతికిన ముఖం అది, రెండు చేతులూ ఆ వెధవ ఫోనుకే సరిపోయాయి. దానికి ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

నా చేతులు ఎప్పుడు ఒళ్ళోకి దిగాయో నాకు తెలియదు. తెలిసేసరికి ఫోను బోర్లా పడి ఉంది, వెలుగు లేదు. హాలంతా కటిక చీకటి. వేదిక మీద వెలుతురులో అక్క ఆగలేదు. తడబడలేదు. ఇంకా నెమ్మదిగా, ఇంకా తగ్గుస్వరంలో చివరి దాకా వాయించి కమాను దించింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఎంతసేపటికో ఎవరో మొదలెడితే హాలు మొత్తం లేచి నిలబడింది.

వెనక గదికి వెళ్ళేసరికి అక్క వయొలిన్‌ను గుడ్డతో తుడుస్తోంది. అన్నీ ఆరిపోయాయి కదక్కా, భయం వేయలేదా అని అడిగాను.

"మొదట వేసింది. లేచి వెళ్ళిపోతున్నారేమో అనుకున్నా. కానీ వెళ్ళేవాడి వెలుగు కదులుతూ పోతుంది కదా, తలుపు దాకా. ఇవి ఉన్నచోటే కిందికి దిగుతున్నాయి. అప్పుడర్థమైంది, వీళ్ళు వింటూ మైమరచి చేతులు దించేస్తున్నారని. అన్నీ దించేయించాను. ఒక్కడే మిగిలాడు, మొదటి వరుసలో, ఆ చివర. ఎంతకీ దించడు. అలాంటి రాతిమనిషిని నేనెక్కడా చూడలేదు. వీడి అంతు చూడాలని ఉన్నదంతా ఊడ్చి వాయించా."

"అది నేనే" అన్నాను.

అక్క గుడ్డ ఆపేసింది. "నువ్వా?"

నీకు ఒక్కటైనా ఉండాలని పట్టుకున్నానని చెప్పబోయి చెప్పలేక ఆమె ఒళ్ళో తల పెట్టేశాను. అక్క నా తల నిమురుతూ నవ్వింది. ఎవడో పరాయివాడనుకుని చచ్చేట్టు వాయించానే, నువ్వని తెలిస్తే అంత కష్టపడేదాన్నా అంది. వయొలిన్ పెట్టెలో పెట్టి మూత వేయకుండా దాని మీద చెయ్యి వేసి కూర్చుంది.

"వచ్చేసారి మాత్రం ఎక్కడ కూర్చుంటావో నాకు చెప్పకు" అంది.

కోటు తొడుక్కుంటున్న బావ ఒక చెయ్యి తొడుక్కుని అలాగే నిలబడిపోయాడు. వచ్చేసారి అంది. మేమిద్దరమూ విన్నాము.